పిండి నిద్రపోయే వేళ

ఒకప్పుడు విశ్వవిద్యాలయాల క్యాంటీన్లకు మూసే వేళంటూ ఉండేది కాదు. ఆ రోజుల్లో, ఒక మధ్యాహ్నం రెండూ నలభైకి, సముద్రం పక్క కొండ మీది క్యాంటీన్‌లో పైడమ్మ ఇడ్లీ పిండి గిన్నెలో గరిటె ముంచింది. పిండి నీళ్లలా జారిపోయింది.

"పిన్నీ, నిన్నటి ఇడ్లీని మా గది తలుపుకు అడ్డం పెట్టాం. సముద్రపు గాలికి కూడా కదల్లేదు," అంది ప్లేటు పట్టుకుని నిలబడ్డ హైమ. ఆ అమ్మాయి అక్కడే చదువుతోంది.

పైడమ్మ నవ్వలేదు. పొద్దున్నే వార్డెన్ కూర్మారావు వచ్చి, "రాత్రి భోజనాలకల్లా ఇడ్లీ మెత్తబడకపోతే క్యాంటీన్ ఇంకొకరికి ఇచ్చేస్తామమ్మా," అని చెప్పి వెళ్లాడు.

"పప్పు మంచిదే, రవ్వ మంచిదే. మరి నీకేమొచ్చిందే?" అని పిండిని అడిగింది.

"నిద్ర లేదు," అంది పిండి ఆవలిస్తూ. "కన్ను మూతపడగానే ఎవరో ఒకరు వస్తారు. నువ్వు గరిటె దించుతావు. కల సగంలో తెగిపోతుంది. కల కంటేనే కదా నేను పొంగేది."

"ఆకలని వచ్చినవాళ్లకు లేదని ఎలా చెప్పను?"

"రాయి పెట్టి పంపడం కన్నా నయమే," అంది కిటికీలోంచి ఎండ. "పిండిని నా పక్కన పెట్టు, జోకొడతాను. నువ్వు మాత్రం మూత తీయకు."

పైడమ్మకు మనసొప్పలేదు. అయినా గిన్నె మీద మూత పెట్టి, కిటికీ దగ్గరికి జరిపి, తలుపు లాగి గొళ్లెం పెట్టింది.

"అలిగావా పిన్నీ? రాయైనా తింటాం, తెరువు," అని బయటనుంచి హైమ తట్టింది.

"చీకటి పడ్డాక రా తల్లీ. పిండి పడుకుంది."

గాలి అడుగుల చప్పుడు తగ్గించుకుంది. కిటికీ మీద కాకి అరవబోయి, పైడమ్మ ఎత్తిన వేలు చూసి నోరు మూసుకుంది. గిన్నెలో పిండి కలగంది. తాను మబ్బయిందట, కొండ దాటి సముద్రం మీదికి పోతోందట. మబ్బు పెరిగినకొద్దీ గిన్నె మీది మూత మెల్లగా లేచింది.

రాత్రి కూర్మారావు ఇడ్లీ తుంచి చట్నీలో అద్దాడు. ఖాళీ ప్లేటు మళ్లీ చాపాడు.

అప్పటినుంచే క్యాంపస్ క్యాంటీన్లు మధ్యాహ్నం తలుపులు మూసుకుంటాయి. ఎంత తట్టినా పలకవు.

కొన్నాళ్లకు పైడమ్మకు ఒక సంగతి తెలిసింది. తలుపు మూసి ఉన్నంతసేపూ పిల్లలు లైబ్రరీలో పుస్తకాల మీద తలలు వాల్చి నిద్రపోతున్నారట. లేచేసరికి ఒక్కొక్కరి ముఖమూ కాస్త పొంగి ఉంటోందట.