మూడో రాతి ములికి

సముద్రాలకు ఇంకా ఎవరూ పేర్లు పెట్టని రోజుల్లో మందరపురాన్ని ఒక రాజు ఏలుతుండేవాడు. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు జయదత్తుడు, రెండోవాడు నయదత్తుడు, చిన్నవాడు సుదత్తుడు.

ఏడు సముద్రాల అవతల కరాళజటుడనే మాంత్రికుడు ఓడలు ముంచి మనుషుల్ని పట్టుకుపోతుండేవాడు. వాడి పని పడతానని పెద్దవాడు వెళ్లాడు, తిరిగి రాలేదు. అన్నను తెస్తానని రెండోవాడు వెళ్లాడు, తిరిగి రాలేదు. అప్పుడు సుదత్తుడు విల్లు భుజాన వేసుకుని బయలుదేరాడు.

ఒడ్డున ఒక ముసలి తాబేలు అతన్ని వీపు మీద ఎక్కించుకుంది. ఒక సముద్రం దాటింది, రెండు దాటింది, మూడు దాటింది, అలా ఏడూ దాటి మాంత్రికుడి దీవిలో దింపింది.

"ఉన్న మాట చెబుతాను, విను నాయనా," అంది తాబేలు. "మీ అన్నలిద్దరూ రాతిబొమ్మలై కోట వాకిట్లో ఉన్నారు. ఎల్లుండి పున్నమి. ఆ పొద్దు గుంకేలోగా మాంత్రికుడు చావకపోతే వాళ్లు ఎప్పటికీ రాళ్లే. వాడి ప్రాణం వాడి చిలుక మెడలో ఉన్న ఎర్రపూసలో ఉంది. నిప్పులో కరిగిన లోహమేదీ ఆ పూసను తాకలేదు. రాతి ములికి ఉన్న బాణం కావాలి. కొండ మీద నాగుమల్లిని అడుగు."

నాగుమల్లి ములుకులు చెక్కే ఇంటి పిల్ల. మోకాలి మీద తోలుముక్క పరుచుకుని ఎండలో కూర్చుని ఉంది. పక్కన ఒక దుప్పి గడ్డి నములుతోంది.

"చెకుముకి రాళ్లన్నీ ఆ మాంత్రికుడు సముద్రంలో పోయించాడు," అందామె. "నేను దాచినవి మూడే. ఇవిగో."

"నువ్వే చెక్కి ఇవ్వకూడదా?"

"వేసే చెయ్యే చెక్కాలి రాకుమారా. లేకపోతే ఆ పూస పగలదు."

ఆమె పని నేర్పింది. ముందు గుండ్రాయితో తట్టి వినాలి. కంచులా మోగితే మంచి రాయి, పగిలిన కుండలా పలికితే లోపల బీట ఉన్నట్టు. అంచును గరుకురాయి మీద అరగదీసి అప్పుడు కొట్టాలి. చివర్లో దుప్పికొమ్ము మొనతో అంచు నొక్కుతూ సన్నటి పెచ్చులు లేపాలి.

"ఇంకొక్కటి," అంది. "రాయి విరిగితే ముక్కలన్నీ ఒడిలోకి ఏరుకుని ఒక్కొక్కటే తిప్పి చూడాలి. ఆ తర్వాతే ఇంకో రాయి ముట్టుకోవాలి. మా ఇంటి ఆచారం."

మొదటి రోజు సుదత్తుడికి తొందర. తట్టలేదు, వినలేదు. మూడో దెబ్బకు రాయి దోసకాయలా రెండు చెక్కలైంది. లోపల తుప్పురంగు చార ఒకటి ఈ చివర నుంచి ఆ చివరకు ఉంది. అతను ఆ చెక్కల్ని లోయలోకి తన్నాడు.

"బాగుంది బాబూ," అంది దుప్పి. "నా తలమీంచి రాలిన కొమ్ము నీకిచ్చింది తన్నడం నేర్చుకోడానికా?"

రెండో రోజు తట్టాడు, విన్నాడు. రాయి ఖంగుమంది. అంచు అరగదీసి కొట్టాడు. పెచ్చులు చక్కగా లేచాయి. ఇంతలో ఒక పెచ్చు సగందాకా వచ్చి తెగిపోయింది. నడుమ గూనులా ఒక గుబ్బ మిగిలింది. దాన్ని పోగొట్టాలని అదే వైపు నుంచి ఒకసారి కొట్టాడు, రెండుసార్లు కొట్టాడు. గూను పెరిగింది. మూడోసారి బలంకొద్దీ కొట్టాడు. ములికి నడుముకు విరిగింది. ముక్కల్ని వాగులోకి విసిరాడు.

"గూనుకు ఎదురుగా ఉన్న అంచు నుంచి రావాలి," అంది నాగుమల్లి.

"ముందే చెప్పొచ్చుగా!"

"నువ్వు అడగొచ్చుగా!"

మూడో రోజు ఒకే రాయి మిగిలింది. సుదత్తుడు మెల్లగా తట్టాడు. అంతా మోగింది కానీ ఒక మూల బొంగురుగా పలికింది. ముందు ఆ మూలను తీసేశాడు. నడుమ గూను లేచింది. ఎదుటి అంచు అరగదీసి అటునుంచి కొట్టాడు, గూను పోయింది. మధ్యాహ్నానికి నాలుగు వేళ్ల పొడవున, వేపాకులాంటి ములికి తయారైంది. ఇంకొక్క నొక్కు మిగిలింది. నొక్కాడు. టక్కుమని మూడు ముక్కలైంది.

దుప్పి నమలడం మానేసింది.

తన్నడానికి సుదత్తుడి కాలు లేచింది. కోట వాకిట్లోని అన్నలు గుర్తొచ్చి కాలు దించాడు. చతికిలబడి, రాలిన ముక్కలన్నీ ఒడిలోకి ఏరుకున్నాడు. ఒకదాన్ని తిప్పి చూశాడు, అడ్డంగా సన్నటి బీట ఉంది. ఇంకొకదాన్ని చూశాడు, నువ్వుగింజంత తెల్ల సున్నపుపలుకు దాక్కుని ఉంది. మూడోది బొటనవేలి గోరంత. ఎండకు ఎత్తి చూశాడు. తేనెలా వెలుతురు ఇటునుంచి అటు పారింది.

"ఇందులో ఏమీ లేదు!" అన్నాడు. "ఉన్న లోపాలన్నీ వాటిలోనే పోయాయి."

నాగుమల్లి తోలుముక్క అతని మోకాలి మీద సర్దింది. పొద్దు వాలేసరికి కందిగింజకు కాస్త పెద్దదైన ములికి తయారైంది. దాన్ని రెల్లుపుల్లకు నరంతో బిగించుకుని సుదత్తుడు కోటకు పరుగెత్తాడు.

మాంత్రికుడు వాకిట్లోనే ఉన్నాడు. చిలుక పంజరం వాడి చేతిలోనే ఉంది. ఊచల మధ్య చిటికెనవేలు కూడా దూరదు.

"ఇది ములికా, ముక్కుపుడకా?" అని వాడు పడిపడి నవ్వాడు. "మీ పెద్దన్న ఈటె తెచ్చాడు. రెండో అన్న గండ్రగొడ్డలి తెచ్చాడు. నువ్వు పేరంటానికి వచ్చావా?"

"కాస్త పంజరం పైకెత్తు మామా, సరిగ్గా కనపడట్లేదు."

"ఇదిగో అల్లుడూ, చూసుకో!" అని వాడు నవ్వుతూనే ఎత్తిపట్టాడు.

బాణం రెండు ఊచల సందునుంచి దూరింది. ఎర్రపూస పొడైంది. చిలుకకు ఈక కూడా చెదరలేదు. నవ్వు గాలిలో ఉండగానే మాంత్రికుడు గుప్పెడు బూడిదయ్యాడు.

"అమ్మయ్య!" అంది చిలుక మెడ గోక్కుంటూ. "నూరేళ్ల దురద."

అప్పుడే బొమ్మలు కదిలాయి. జయదత్తుడు మాట ఆగిన చోటునుంచే అందుకుని, "నువ్వెంత, నీ మంత్రమెంత!" అని ముగించాడు. చుట్టూ చూసి, "వాడేడీ?" అన్నాడు.

"నేనూ అదే అడగబోతున్నా అన్నయ్యా," అన్నాడు నయదత్తుడు. సుదత్తుడు ఇద్దరినీ కావలించుకుని ఏడ్చాడు, నవ్వాడు.

మర్నాడు కొండెక్కి, "నన్ను పెళ్లి చేసుకుంటావా?" అని నాగుమల్లిని అడిగాడు.

"మొదటి రోజు అడిగి ఉంటే ససేమిరా అనేదాన్ని," అందామె. "ఇప్పుడు సరే."

పెళ్లి పదహారు రోజులు జరిగింది. పెద్దవాళ్లిద్దరూ మందరపురానికి వెళ్లారు. దీవి జనం సుదత్తుణ్ణి, నాగుమల్లిని రాజునూ రాణినీ చేసుకున్నారు. వాళ్లు అరవై రెండేళ్లు ఏలారు. ఆ కాలంలో కరువు వచ్చిన ఏడాది ఒక్కటీ లేదు. ఇద్దరూ పోట్లాడుకోని రోజూ లేదు. అయితే అవి తాంబూలంలో సున్నం ఎక్కువైందన్నంత చిన్న పోట్లాటలు, భోజనాల వేళకు తీరిపోయేవి.