పైడమ్మ మొక్కు

జాతరలో సరి-బేసి ఆట మహా జోరుగా సాగుతోంది. రాజుగారి సేనను నడిపే దళవాయి సింగమనాయుడు గుప్పిట్లో చింతగింజలు పట్టుకుని "సరా, బేసా?" అని అడుగుతాడు. ఎవరు ఏది చెప్పినా రెండోదే తేలుతుంది! అప్పటికే పదిమంది ఎడ్లు ఆయనగారి గుంజలకు చేరాయి.

కుమ్మరి పైడమ్మ తన ఒక్కగానొక్క గాడిదను పందెం కాసింది. ఎదురు పందెం దళవాయి గుర్రం. జవాబు విన్నాకే దళవాయి గుప్పిట చిన్నగా కదలడం ఆమె ఇందాకటి నుంచీ చూస్తూనే ఉంది. పొద్దస్తమానం చేతులతో బతికే మనిషాయె, 'ఈ చెయ్యి మంచిది కాదే' అని మనసు ఒకటే పోరు పెడుతోంది.

"నా జవాబు మారాజుగారి చెవిలోనే చెబుతాను," అంది.

ఆట చూడవచ్చిన రాజుగారు నవ్వి చెవి ఒగ్గారు. పైడమ్మ గుసగుసగా చెప్పేసి, తన చోటుకొచ్చి కళ్లు మూసుకుని, "తల్లీ, సరి వచ్చేలా చూడవే!" అని కాస్త పైకే మొక్కుకుంది.

దళవాయి ముఖం వెలిగిపోయింది. గుప్పిట విప్పి, "ఏడు గింజలు! ఓడిపోయావ్! ఆ గాడిదను విప్పండిరా!" అని కేకేశాడు.

"ఆగవయ్యా, నా చెవిలో ఆమె చెప్పింది బేసి అనే!" అన్నారు రాజుగారు.

దళవాయి అదిరిపడి లేచాడు. అంగరఖా చేతి మడతలోంచి ఎనిమిదో గింజ టప్పున రాలింది. జనం గొల్లుమన్నారు.

"గుప్పిట్లో ఏమున్నదీ నీకెలా తెలిసిందమ్మా?" అడిగారు రాజుగారు.

"గింజల సంగతి నాకేం తెలుసు మారాజా! నా మనసు చెప్పింది దొరగారి సంగతి," అంటూ పైడమ్మ గుర్రం మీదికి కుండలు ఎత్తడం మొదలుపెట్టింది.