ఎసరు పెట్టిన ఇల్లు

అనగనగా, వాన దారి మరిచిపోయిన ఒక ఊళ్ళో పుల్లమ్మ అనే మంత్రసాని ఉండేది. ఆ ఊళ్ళో పుట్టిన ప్రతి బిడ్డనూ ముందు పట్టుకున్నవి ఆమె చేతులే. ఇంట్లో ఆమెకున్నది ఒక్క మనవరాలు, ఓబుళి.

ఆ ఊళ్ళో ఒక కట్టుబాటు ఉంది బంగారూ. బిడ్డను పట్టిన చెయ్యి ఎవరి ముందూ చాచకూడదు. పురుడు పోయించుకున్న ఇంటివాళ్ళే చేటనిండా బియ్యం, ఒక చీర తెచ్చి గడపలో పెట్టాలి. ఆ చీర అమ్మకూడదు. అమ్మితే బిడ్డకు కీడని నమ్మకం.

అప్పుడు కరువొచ్చింది. కడుపుతో ఉన్నవాళ్ళంతా నీళ్ళున్న ఊళ్ళకు, పుట్టిళ్ళకు పోయారు. పుల్లమ్మ గడపలోకి చేట రావడం మానేసింది. అయినా పొద్దు వాలగానే ఆమె పొయ్యి రాజేసి ఎసరు పెట్టేది.

"అవ్వా, బియ్యమేవీ?" అనేది ఓబుళి.

"ఎసరు మరగనీ తల్లీ. ఎవరో ఒకరు తెస్తారు."

ఎసరు మరిగి మరిగి ఇగిరిపోయేది. ఓబుళి ఎదురుచూస్తూ నిద్రపోయేది.

అప్పుడు ఊరిపెద్ద కొండప్ప జొన్నల పాతర తెరిపించాడు. "పేదోళ్ళకే ఇస్తా" అన్నాడు. మరి పేదోళ్ళెవరు? "పొయ్యి రాజనోళ్ళు" అన్నాడు. మిద్దె ఎక్కి ఊరంతా చూశాడు. పుల్లమ్మ ఇంటిమీద పొగ కనిపించింది. "అవ్వకేం, హాయిగా వండుకుంటోంది" అనుకున్నాడు.

జనం గొణిగారు. పొగ చూస్తే ఏం తెలుస్తుంది, మార్చి కట్టుకోను బట్ట లేనోళ్ళే పేదోళ్ళు అన్నారు. సరేనని కొండప్ప మనుషులు ఇంటింటికీ వెళ్ళి చూశారు. పుల్లమ్మ దండెం మీద వరసగా పురిటి చీరలు!

"మా ఇంటి ఆడోళ్ళకే ఇన్ని లేవే" అని ఒకడు వెక్కిరించి పోయాడు.

ఆ తర్వాత కొండప్పకు విసుగొచ్చింది. "ఇదంతా ఎందుకు? నోరు తెరిచి అడిగినోడే పేదోడు" అని చాటించాడు.

ఆ రోజే ఓబుళి నడుస్తూ నడుస్తూ తూలి పడింది. పుల్లమ్మ పిల్లను లేపి గోడకు ఆనించి కూర్చోబెట్టింది. కట్టుబాటు మంటగలవనీ అనుకుని పాతర దగ్గరికి బయలుదేరింది. దారంతా ఒక్కటే మాట కూడగట్టుకుంది. పిడికెడు జొన్నలు పెట్టు నాయనా.

కొండప్ప ఆమెను చూశాడు. "ఏం పుల్లమ్మవ్వా, ఇటొచ్చావు? జొన్నలకు గూడా పురుడు పోస్తావా ఏంది?"

వరసలో ఉన్నవాళ్ళంతా పకపకా నవ్వారు. ఆ నవ్వే మొహాలన్నీ పుట్టగానే ఆమె వీపు తట్టి ఏడిపించిన మొహాలే. ఆమె చెయ్యి పైకి రాలేదు. కొంగు కిందే ఉండిపోయింది.

"ఏం లేదు నాయనా. అందరూ బాగున్నారో లేదో చూసిపోదామని వచ్చా."

తిరిగి వస్తూ, గోనెల్లోంచి దారిలో రాలిన గింజలు ఏరుకుంది. జావ కాచి ఓబుళికి తాపింది. తను ఉత్త నీళ్ళు తాగింది. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే.

కొన్నాళ్ళకు ఒక సాయంత్రం ఆ ఇంటిమీద పొగ లేవలేదు. మిద్దె మీది నుంచి కొండప్ప చూశాడు. "అయ్యో, మన అవ్వ పేదదైపోయింది!" అంటూ తనే చేటనిండా జొన్నలు పోసుకుని పరుగెత్తాడు.

లోపల పుల్లమ్మ పడుకుని ఉంది. ఓబుళి పురిటి చీరలన్నీ తెచ్చి ఆమెకు కప్పుతోంది.

"మా అవ్వకు చలి పెద్దయ్యా. ఎన్ని కప్పినా ఒళ్ళు వేడెక్కట్లేదు."

అప్పుడు ఆ పిల్ల చేటను చూసింది. అవ్వ చెవి దగ్గర వంగింది.

"లే అవ్వా. తెచ్చారు. ఎసరు పెట్టు."

కొండప్ప పొయ్యి మీది కుండ మూత తీశాడు. లోపల ఎండిపోయిన నీటి చార తప్ప ఏమీ లేదు. పుట్టగానే తనను పట్టుకున్న ఆ చేతుల్ని, చల్లబడిపోయిన చేతుల్ని, కళ్ళకద్దుకున్నాడు.

ఆ తర్వాత తనే పొయ్యి రాజేశాడు. సంగటి కెలికి ఓబుళికి పెట్టాడు. ఆ పిల్ల సగం తిని, సగం అవ్వ పక్కన పెట్టింది.

పొయ్యి మీద పొగ చూడు,
దండెం మీద చీర చూడు,
మూత తీసి మెతుకు చూడు!
కథ చేరింది కంచికి,
మనమొచ్చాం మనింటికి,
నిద్ర రావాలి నీ కంటికి.