సగం గడ్డం

రంగగిరికి మహమ్మారి సోకగానే కొత్వాలు భీమప్ప ఉత్తర్వు వేశాడు: పొద్దున ఒక్క గడియ సేపే జనం వీధిలోకి రావాలి, గంట మోగాక కనబడితే కొరడా దెబ్బలు. దాంతో ఊరంతా ఆ గడియలోనే అంగళ్ల ముందు ఒకరి మీద ఒకరు పడసాగారు. రోగానికి పండగైంది. "గడియ చాలడం లేదు దొరా" అంటే, "పనిమంతుడికి గడియే ఎక్కువ" అని కసిరేవాడు.

ఒకనాడు మధ్యాహ్నానికల్లా దర్బారుకు రమ్మని రాజుగారి పిలుపొచ్చింది. నెలనాటి గడ్డంతో ఎలా వెళ్లడమని భీమప్ప పొద్దుటి గడియలోనే మంగలి గురవప్పను రప్పించాడు. గురవప్ప నింపాదిగా కత్తి నూరి, కుడి చెంప నున్నగా గీసి, టక్కున పెట్టె మూసేశాడు.

"మిగతా సగమో?" అన్నాడు భీమప్ప.

"రేపటి గడియలో దొరా. గంట మోగేలోగా నేను ఇల్లు చేరాలి."

"నేను చెబుతున్నాగా, కానివ్వు!"

"నిన్న ఉప్పు కోసం నిలబడి ఆలస్యమైన మా ఆవిడతో, ఉత్తర్వుకు మొహమాటం లేదన్నది తమరే కదా! ఆమె వీపు ఇంకా మండుతోంది. పైగా నేనంత పనిమంతుణ్ణి కాను."

భీమప్ప అద్దంలో చూసుకున్నాడు. వెంటనే వీధిలో దండోరా వేయించాడు: గడువు ఇకనుంచి సాయంత్రం దాకా!

గురవప్ప పెట్టె తెరిచాడు. "ఆ చెంప ఇటు తిప్పండి దొరా. ఇప్పుడు తొందరేముంది!"