చీటీలు నమ్మిన ఇల్లు

శ్రావణమాసం, రెండో శుక్రవారం, పొద్దున తొమ్మిదీ ఇరవై. దువ్వవారింట్లో వరలక్ష్మీ వ్రతం పీటల దాకా వచ్చి ఆగింది. కథ పుస్తకాన్ని చెదలు తినేశాయి. కథ విని నైవేద్యం తింటేగానీ ఇంటి పెద్ద కోదండమ్మగారు ఇంకేదీ ముట్టరు. అప్పటికే ఆవిడ కడుపులో ఎలుకలు పరుగులెడుతున్నాయి. అయినా బెంగపడలేదు. "మనింట్లో బుర్రలకేం కొదవ!" అనుకున్నారు. తమ తెలివి మీద ఆ ఇంటికి అంత గురి.

పురోహితులు శేషావధానిగారు వ్రతకథను సొంత గొంతుతో చదివి ఇంటర్నెట్టులో పెట్టారు. కోదండమ్మగారి కొడుకు పానకాలు దాన్ని డౌన్‌లోడ్ చేశాడు. నొక్కితే గొంతు రాలేదు. విరిగిన బొమ్మ గుర్తొకటి వచ్చింది.

"అమ్మవారు అలిగిందండీ" అంటూ కోడలు తాయారు కంప్యూటరుకు బొట్టు పెట్టి హారతిచ్చింది.

ఫోను చేస్తే అవధానిగారు నొచ్చుకున్నారు. "తప్పు నాదే నాయనా. ఎక్కించేటప్పుడు 'బొమ్మ' అని చీటీ తగిలించాను. బ్రౌజరు ఆ చీటీనే నమ్మి, ఫైలు పేరు చివర జేపీజీ అని బొమ్మ తోక పెట్టింది. లోపలున్నది నా గొంతే. చీటీ లేకపోతే ఫైల్లోని మొదటి నాలుగు ముక్కలు వాసన చూసి పోల్చుకునేది."

అంతే! పానకాలు కంప్యూటరుకు ముక్కు ఆనించాడు.

"కర్పూరం వాసనండీ! దేవుడి ఫైలే!"

"ఓరి నీ తెలివి కాలా! పేరు చివర తోక తీసి ఎంపీత్రీ అని పెట్టరా!" అన్నారు అవధానిగారు ఫోనులో.

పెట్టాడు. కథ గణగణా మోగింది. కోదండమ్మగారు అక్షింతలు వేసుకున్నారు.

"చూశారా అత్తయ్యా! పేరు మారిస్తే బొమ్మ కాస్తా గొంతైంది!" అంది తాయారు.

ఇంకేముంది! పూర్ణాలకు బియ్యప్పిండి నిండుకుంది. తాయారు ముగ్గుపిండి డబ్బా మీద 'బియ్యప్పిండి' అని చీటీ అంటించి, జారుగా కలిపి, పూర్ణాలు వేసింది. అవి నూనెలో మునిగాయిగానీ తేలలేదు. పానకాలు ఊరుకుంటాడా? కుంకుడు రసం చెంబుకు 'నెయ్యి' అని చీటీ పెట్టి పరమాన్నంలో ఒంపాడు.

"నురగ చూడమ్మా! ఎంత కమ్మటి నెయ్యో!"

పరమాన్నం ఇల్లంతా బుడగలు ఊదింది. కోదండమ్మగారు కళ్ళకద్దుకుని ఒక పూర్ణం కొరికారు. పన్ను ఊడింది. పూర్ణం చెక్కుచెదరలేదు.

"మరి నా ఆకలో?" అన్నారావిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని. నైవేద్యం దిగనిదే ఇంకోటి ముట్టకూడదాయె. ఆ రోజంతా పస్తే.

మర్నాడు పొద్దున ఆవిడ మంచానికి అతుక్కుపోయి ఉన్నారు. తాయారు పరీక్షగా చూసింది.

"మీ మీద చీటీయే లేదత్తయ్యా! అందుకే కడుపుకు తెలియడంలేదు."

పసుపు కాగితం మీద 'భోంచేసినావిడ' అని రాసి నుదుట అంటించింది. కోదండమ్మగారు దాన్ని కొడుకు చేత రెండుసార్లు చదివించుకున్నారు. మెల్లగా ముఖం విప్పారింది. బ్రేవ్‌మని తేన్చారు.

"పప్పులో ఉప్పు కాస్త ఎక్కువైందే, తాయారూ" అంటూ చెయ్యి కడుక్కోవడానికి లేచారు.