అయ్యవారి మీసం

ఆ వారమంతా కోదండానికి అన్నం సయించలేదు. తిరుపాలు సంగతి తేల్చి చెప్పాల్సింది తనే. ఏం చెప్పాలో మాత్రం ముందే తెలిసిపోయింది. అదే అతని బాధ.

కరెంటు ఇంకా రాని రోజులవి. శేషాచలం కొండల కింద కోనంపేటలో పెంచలరాజుగారని ఎముకల వైద్యుడు ఉండేవాడు. చెట్టు మీద నుంచి పడ్డవాళ్ళనీ, బండి తిరగబడి కాలు విరిగినవాళ్ళనీ మంచాల మీద మోసుకుని ఆయన వసారాకి తెచ్చేవాళ్ళు. ఆయన విరిగిన ఎముకను సరిచేసి, పసరు పట్టించి, వెదురు బద్దలతో కట్టు కట్టేవాడు. ఆయన దగ్గర వైద్యం నేర్చుకునే పిల్లలు ఎప్పుడూ అయిదారుగురు ఉండేవాళ్ళు. వాళ్ళ తిండీ పడకా అక్కడే. అందరూ ఆయన్ని అయ్యవారు అనేవాళ్ళు. కోదండం ఆ శిష్యుల్లో పెద్దవాడు. అయ్యవారి తర్వాత కట్టు కట్టగలిగినవాడు తనే అని ఊళ్ళో పేరు. ఆ పేరు అతనికీ ఇష్టమే.

ఆ ఇంట్లో చదువంతా నోటి చదువు. అయ్యవారికి సంతకం తప్ప రాయడం రాదు. వాళ్ళ నాన్నకి అది కూడా రాదట. పొద్దున అయ్యవారు పాఠం చెప్తాడు, మర్నాడు పొద్దున శిష్యుడు అది ఒప్పజెప్పాలి. పాఠం అయ్యవారి నోటి నుంచే రావాలి, ఇంకొకరు చెప్పకూడదు. ఏడాది తిరిగాక, విజయదశమి మరుసటి రోజున, ఒప్పజెప్పగలిగినవాడికి అయ్యవారి పక్కన పీట వేస్తారు. ఆ రోజు నుంచి అతను రోగి ఒంటి మీద చెయ్యి వెయ్యొచ్చు. ఒప్పజెప్పలేనివాడు వెనక పాకలో రోళ్ళ దగ్గరికి పోయి మందులు దంచుకుంటూ ఉండాలి. రోలు దగ్గరికి పోయినవాడు మళ్ళీ పీట మీదికి వచ్చింది లేదు. ఎవరు పీటకి, ఎవరు రోటికి అన్నది కోదండం ముందుగా అయ్యవారికి విన్నవించాలి.

తిరుపాలుకు చెముడు. చిన్నప్పుడు జ్వరం వచ్చి తగ్గింది గానీ, పోతూ పోతూ రెండు చెవులూ పట్టుకుపోయింది. ఉరుము తప్ప ఏదీ వినపడదు. మాట వస్తుంది గానీ మొద్దుగా, ఎత్తూ పల్లం లేకుండా వస్తుంది. బడికి పోతే అక్కడ వెనక కూర్చోబెట్టి మర్చిపోయారు. చివరికి మేనత్త చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి అయ్యవారి ముందు నిలబెట్టింది. వీడికి వైద్యం తప్ప ఇంకేదీ వద్దంట, చూడండయ్యా అంది. అప్పటికి తిరుపాలుకు మీసాలు మొలుస్తున్నాయి. అయ్యవారు ఆ పిల్లవాడి చేతులు తిప్పి చూసి, ఉండమన్నాడు.

ఉన్నాడు. పని చెప్తే ఇట్టే అందుకునేవాడు. ఫలానా ఆకు కోసుకురా అని కోదండం అంటే, అదే ఆకు తెచ్చేవాడు. బద్దలు ఇంత పొడుగు చీల్చాలి, పసరు ఇంత చిక్కగా తియ్యాలి అంటే, రెండోసారి చెప్పే పని లేదు. పాఠం దగ్గరే తేలిపోయేవాడు. అయ్యవారు చెప్తుంటే కళ్ళార్పకుండా ఆయన మొహం వైపే చూసేవాడు. మర్నాడు ఒప్పజెప్పమంటే అక్కడో మాట, ఇక్కడో మాట. మిగతాది తల వంచుకుని నేల చూడడమే.

కోదండం మంచివాడు. చేతనైనంత చేశాడు. తిరుపాలును ముందు వరసలో కూర్చోబెట్టాడు. కొంచెం గట్టిగా చెప్పండని అయ్యవారిని బతిమాలుకున్నాడు. పాపం, ఆయన అరిచి అరిచి గొంతు బొంగురు పోయి మిరియాల కషాయం తాగాడు. తిరుపాలు చూపు మాత్రం అలాగే ఉంది. తక్కిన శిష్యులకి వేళాకోళం దొరికింది. అన్నానికి పిలిస్తే వినపడే చెవి పాఠానికి వినపడదేం అని ఒకడంటే, అది అన్నం చెవిరా, పాఠం చెవి వేరే అని ఇంకొకడు. తిరుపాలు కూడా వాళ్ళతో పాటు నవ్వేవాడు. వాళ్ళేమన్నారో అతనికి తెలుసని కోదండానికి తోచలేదు.

కోదండం లోపల్లోపల ఒక లెక్కకి వచ్చాడు. వీడు పనికి పుట్టినవాడు, చదువుకి కాదు. చెవి లేదు సరే, బుర్ర కూడా అంతంతే.

విజయదశమికి రెండు రోజుల ముందు తిరుపాలు బావి దగ్గర అతన్ని పట్టుకున్నాడు.

"అన్నా, నన్ను రోలు కాడికి పంపొద్దన్నా. నాకు వైద్యం రావల్ల."

"నేనేం చేసేది తిరుపాలూ? అయ్యవారు చెప్పింది నువ్వు చెప్పలేకుండావే."

తిరుపాలు ఏదో చెప్పబోయాడు. వేలు తన పై పెదవి మీద అడ్డంగా పెట్టుకున్నాడు. అంతలోనే తప్పు చేసినవాడిలా ఆ వేలు దించేసి, కడవ ఎత్తుకుని వెళ్ళిపోయాడు. చెమట తుడుచుకున్నాడనుకున్నాడు కోదండం.

మర్నాడు అయ్యవారి దగ్గర నోరు విప్పక తప్పలేదు. తిరుపాలును రోలు దగ్గర పెడదాం, అక్కడైతే వాడికీ సుఖం, మనకీ సుఖం అన్నాడు. రోగి బాధ చెప్పుకుంటే వినలేనివాడు వైద్యం ఎలా చేస్తాడని కూడా అన్నాడు.

"ఎముక విరిగినోడు నొప్పి యాడుండాదో చేత్తో చూపిస్తాడు కదప్పా," అన్నాడు అయ్యవారు. లేచి వెనక పాక వైపు నడిచాడు. కోదండం వెంట పోయాడు.

పాకలో తిరుపాలు ఆ రోజు తన వంతుగా శొంఠి దంచుతున్నాడు. వీళ్ళని చూసి లేచి నిలబడ్డాడు. అయ్యవారు తిరగేసిన బుట్ట మీద కూర్చుని, భుజం జారితే ఎలా ఎక్కించాలో వీడికి చెప్పమని కోదండంతో అన్నాడు. అది పాఠం కదా, మీరు చెప్పాల్సింది కదా అని కోదండం నసిగాడు. చెప్పమన్నాను కదా అన్నాడాయన. కోదండం చెప్పాడు. రోగిని ఎలా పడుకోబెట్టాలి, చంకలో ఏం పెట్టాలి, చెయ్యి ఎటు లాగి ఎటు తిప్పాలి. చెప్పడం అయ్యాక అయ్యవారు తిరుపాలు వైపు చెయ్యి చూపించాడు. తిరుపాలు ఆ మొద్దు గొంతుతోనే మొదట్నుంచి చివరిదాకా ఒప్పజెప్పాడు. ఒక్క మాట పోలేదు.

"ఇప్పుడు మిరియాలు దంచండి ఇద్దరూ," అన్నాడు అయ్యవారు.

మిరియాలు దంచేటప్పుడు ఘాటుకి తుమ్ములు రాకుండా ముక్కూ నోరూ మూసి తుండుగుడ్డ కట్టుకోవడం ఆ పాకలో అలవాటు. ఇద్దరూ కట్టుకున్నారు. రోకళ్ళు రెండు దెబ్బలు పడ్డాయో లేదో, ఇంకో పాఠం చెప్పమన్నాడు అయ్యవారు. కోదండం గుడ్డలోంచే మోచేతి కట్టు గురించి చెప్పసాగాడు. తిరుపాలు రోకలి ఆగిపోయింది. అతను కోదండం కళ్ళలోకి చూశాడు, గుడ్డ వైపు చూశాడు, మళ్ళీ కళ్ళలోకి చూశాడు. అదే చూపు. ఏడాది పొడుగునా అయ్యవారి ముందు కూర్చుని చూసిన చూపు.

అయ్యవారు లేచి, కోదండం మొహం మీది గుడ్డ తనే విప్పాడు. మళ్ళీ చెప్పమన్నాడు. ఈసారి తిరుపాలు గడగడా ఒప్పజెప్పేశాడు.

కోదండానికి అర్థమైంది. వీడు మాటని పెదాల మీద చదువుకుంటున్నాడు. అందుకే తను పని చెప్తే అందుకున్నాడు, అన్నానికి పిలిస్తే వచ్చాడు, వేళాకోళానికి నవ్వాడు. మరి అయ్యవారి దగ్గర? కోదండం ఆయన మొహం వైపు చూసి గబుక్కున తల దించుకున్నాడు.

అయ్యవారి మీసం సంగతి చెప్పాలి. అది ఆ చుట్టుపక్కల పేరుమోసిన మీసం. దట్టంగా నెరిసి, పై పెదవిని పూర్తిగా కప్పి, కింది పెదవి మీదికి దిగేది. మజ్జిగ తాగాలంటే దాన్ని వేలితో ఎత్తి పట్టుకోవాల్సిందే. ఆయన మాట్లాడితే మీసం కదిలేది తప్ప పెదవి కనపడేది కాదు. వాళ్ళ వంశంలో మగవాడి మీసం మీద కత్తి పడేది దగ్గరివాళ్ళు ఎవరైనా పోయినప్పుడు మాత్రమే. ఆ మీసం నాకు అడ్డమని ఏ శిష్యుడు అనగలడు? బావి దగ్గర తిరుపాలు పెదవి మీద వేలెందుకు పెట్టుకున్నాడో, ఎందుకు దించేశాడో కోదండానికి అప్పుడు తెలిసొచ్చింది. బుర్ర అంతంతే అనుకున్నందుకు సిగ్గేసింది.

బయటికి వచ్చాక తనకి తోచిన ఉపాయం చెప్పాడు. రోజూ అయ్యవారు చెప్పిన పాఠం సాయంత్రం తను వీడికి మళ్ళీ చెప్తాడు. పద్ధతి కాస్త తప్పినా ఫర్వాలేదు.

"రోగి ముందర ఇద్దరం పని చేస్తాంటే, ఆడ నేను చెప్పింది వీనికి సాయంత్రం చెప్తావా?" అన్నాడు అయ్యవారు.

అయితే రోలే గతి అన్నమాట, అనుకున్నాడు కోదండం. అయ్యవారు మీసం దువ్వుకుంటూ ఇంట్లోకి వెళ్ళిపోయాడు.

విజయదశమి గడిచింది. మరుసటి రోజు పొద్దున కోదండం వసారా ఊడ్పించి పీటలు కడిగించాలని వచ్చేసరికి, గడ్డాలు గీసే చెంగయ్య చూరు కింద కత్తి పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఎదురుగా అయ్యవారు మెడ చుట్టూ గుడ్డ కప్పుకుని కూర్చున్నాడు. నా చేత్తో ఈ పని చేయించొద్దు సామీ అని చెంగయ్య దండం పెడుతున్నాడు. కానీ కానీ, రోగులొచ్చే వేళయిందని అయ్యవారు కసురుతున్నాడు. కత్తి కదిలింది. తెల్లటి వెంట్రుకలు గుడ్డ మీద రాలాయి.

అయ్యవారి భార్య రామక్కమ్మ మజ్జిగ చెంబుతో బయటికి వచ్చి, ఆయన్ని చూసి అక్కడే చతికిలబడింది. ఎవరి కబురొచ్చింది, ఎవరు పోయినారు అని అడిగింది. ఎవరూ పోలేదని ఆయన చెప్తే ఊపిరి తీసుకుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కాసేపటికి ఆమెకి నవ్వు ఆగలేదు. పెండ్లయినకాడ్నుంచి ఈ మనిషికి పెదవులు ఎట్లుంటాయో నాకే తెలీదు, ఈ పొద్దు చూస్తి అంది.

కోదండానికి మాత్రం నవ్వు రాలేదు. అతనికి ఏడుపొస్తోంది. దగ్గరికి పోయి, ఇంత పని ఎందుకయ్యవారూ, వాడొక్కడి కోసం అన్నాడు.

అయ్యవారు నున్నటి పై పెదవిని అరచేత్తో తడుముకున్నాడు. గాలి తగిలి ఆయనకే కొత్తగా ఉన్నట్టుంది.

"జబ్బు నా మొగాన ఉంటే, మందు వానికి పోస్తే ఎట్ల తగ్గుతాది కోదండం?"

శిష్యులంతా వచ్చారు. అయ్యవారిని చూసి ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. అయ్యవారు పీట ఒకటి తీసుకున్నాడు. తాతల నాటి నుంచీ పీట పక్కన వెయ్యడమే ఆచారం. ఆయన దాన్ని తన ఎదురుగా, వెలుగు తన మొహాన పడేలా వేశాడు. తర్వాత తిరుపాలును చేత్తో పిలిచాడు.

తిరుపాలు వచ్చి నిలబడ్డాడు. ఆయన మొహం చూశాడు. ఆ బోడి పెదవి వైపు అలాగే చూస్తూ ఉండిపోయాడు. కోదండం భుజం పట్టి కూర్చోబెట్టాడు.

అయ్యవారు పాఠం మొదలుపెట్టాడు. అరవలేదు. ఎప్పటి గొంతుతోనే, తాపీగా చెప్పుకుపోతున్నాడు. రెండు మూడు మాటలు అయ్యాయో లేదో తిరుపాలు కళ్ళ నిండా నీళ్ళు తిరిగాయి. అవి చెంపల మీదికి కారుతున్నా తుడుచుకునే ధ్యాస లేదు. కళ్ళార్పితే మాట పోతుందని భయం.

అయ్యవారు ఆగాడు. చెయ్యి చాచి, భుజం మీది పైపంచె కొంగు అతని చేతికి ఇచ్చాడు.

"కండ్లు తుడుచుకోరా. పాఠం వినపడదు."