కొమురెల్లి ధ్యానం

మీ తాతల తాతలు కూడా పుట్టని కాలంలో, తాటివనాల నడుమ ఒక ఊరుండేది. ఆ ఊళ్ళో కొమురెల్లి అనే కల్లుగీత పనివాడు ఉండేవాడు. చెట్టెక్కడంలో అతనికి సాటి ఎవరూ లేరు. అంతటివాడూ ఒకనాడు సగం చెట్టు మీంచి జారిపడ్డాడు. దెబ్బలు మానాయి గాని భయం మానలేదు. చెట్టు మొదట్లో నిలబడితే చాలు, కాళ్ళు వణికేవి.

తాటిగెలను రోజూ చెక్కకపోతే కల్లు ఆగిపోతుంది. అందుకని ఊరిపెద్ద కబురు పెట్టాడు. "ఐదు రోజులు చూస్తం. అప్పటికీ ఎక్కకపోతే నీ చెట్లు ఇంకొకలకిస్తం."

చెట్లు పోతే ఇంట్లో పొయ్యి వెలగదు. కొమురెల్లి గుట్ట మీది యోగిని చెన్నమ్మవ్వ దగ్గరికి పరుగెత్తాడు.

"కండ్లు మూసుకొని కూసో బిడ్డా. ఊపిరిని చూసుకుంట ఉండు" అన్నదామె.

ఇంతేనా అనుకున్నాడు కొమురెల్లి. ఒక్క ఆలోచన కూడా రానివ్వనని పళ్ళు బిగించి కూర్చున్నాడు. ముందు తాను పడ్డ చెట్టు గుర్తొచ్చింది, వెనకాలే ఊరిపెద్ద మీసాలు. రెండోనాడు చెవుల్లో దూది కుక్కుకున్నాడు. లోపలి గోల ఇంకా పెద్దగా వినిపించింది. మూడోనాడు ఏకంగా ఊపిరే బిగబట్టాడు. చూడమన్న ఊపిరిని ఆపేసి ఏం చూస్తాడు పాపం, దగ్గి దగ్గి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

"నాతోని కాదవ్వా. మనసు నిమిషం నిలుస్తలేదు."

"చెట్టెక్కెటప్పుడు నడుముకు, చెట్టుకు కలిపి మోకుతాడు చుడ్తవు గద. ఒక్కసారి బిగిస్తే పైదాక అట్లనే ఉంటదా?"

"ఎట్లుంటది? అడుగడుగుకు వదులు జేసి, పైకి జరిపి, మల్ల బిగియ్యాలె."

"వదులైనప్పుడల్లా దిగొస్తవా?"

"దిగితే చెట్టెప్పుడెక్కుత?" అన్నాడు కొమురెల్లి.

"మనసు పోతది, పోనియ్యి. పోయిందని తెలవంగనే ఊపిరి కాడికి తెచ్చుకో. తిట్టకు దాన్ని" అన్నదవ్వ.

నాలుగోనాడు కొమురెల్లి పొద్దు నడినెత్తికి వచ్చేదాకా కదల్లేదు. మనసు పోయింది, తెచ్చుకున్నాడు. మళ్ళీ పోయింది, మళ్ళీ తెచ్చుకున్నాడు. విసుగొచ్చినా లేవలేదు.

ఐదోనాడు ఊరంతా చూస్తుండగా చెట్టెక్కాడు. తాను జారిన చోటికి రాగానే భయం వచ్చింది. దాన్ని తరమలేదు. ఒక ఊపిరి చూసుకున్నాడు, మోకు బిగించాడు, అడుగు వేశాడు. మళ్ళీ భయం, మళ్ళీ ఊపిరి, ఇంకో అడుగు. కాళ్ళు వణుకుతూనే ఉన్నాయి. ఆ కాళ్ళతోనే కొసకు చేరి, గెల చెక్కి, కుండ కట్టాడు.

కింద ఊరిపెద్ద "నీ చెట్లు నీకే ఉంటయి" అని ఇంటిదారి పట్టాడు.

పిల్లలూ, మనసు చెదిరినంత మాత్రాన ధ్యానం చెడదు. చెదిరిన ప్రతిసారీ ఓపికగా వెనక్కి తెచ్చుకోవడమే ధ్యానం.